చప్పిడి దీక్ష

నాకిప్పటికీ మంచినీళ్ళంటే రోత. దాహం వేస్తే తాగుతాను, అదీ మందు మింగినట్టు కళ్ళు మూసుకుని. మా వంటింటి గట్టు మీద ఒక పెద్ద ప్లాస్టిక్ సీసా ఉండేది. దాని మీద పైనుంచి కిందిదాకా గీతలు, ప్రతి గీత పక్కనా పొద్దున ఇక్కడిదాకా, మధ్యాహ్నం ఇక్కడిదాకా అని రాతలు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా చేసిన మొదటి పని ఆ సీసాని తీసుకెళ్ళి వరండాలో ఉండే చెత్త గొట్టంలో పడేయడం. అది మూతి దగ్గర ఇరుక్కుంటే పిడికిలితో గుద్ది మరీ లోపలికి తోశాను. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. చూడనీ అనుకున్నాను.

ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. ఎవరైనా ఒక్కరు తమ ఇంట్లో ఉప్పు డబ్బాని అటకెక్కించేముందు డాక్టర్ని అడిగితే చాలు, నా రాత దండగ కాదు. అసలు సంగతేమిటంటే నా కడుపులో మంట ఇంకా చల్లారలేదు. కాగితం మీద పెడితే కాస్త దిగుతుందేమోనని ఆశ.

*జనవరి*

మేముండేది సింగపూర్‌లో, టాంపినీస్ అనే పేటలో. నేనూ మా ఆయనా ఒక ఫ్లాట్‌లో, మా అమ్మాయి కీర్తి, అల్లుడు పక్క బ్లాకులో. కీర్తి తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. దాని కూతురు తన్వికి నాలుగేళ్ళు. మధ్యాహ్నం నర్సరీ అయ్యాక తన్విని పేటలోనే చుట్టు తిరిగే ఫీడర్ బస్సులో ఇంటికి తీసుకొచ్చే పని నాది. ఉద్యోగం మానేశాక నా రోజంతా ఆ బస్సు ప్రయాణం చుట్టూనే తిరిగేది. కిటికీ పక్క సీటు తన్విది, బెల్ నొక్కే హక్కు కూడా తన్విదే.

ఆ నెలలో మామూలు పరీక్షకి పాలీక్లినిక్‌కి వెళితే బీపీ ఎక్కువుందన్నారు. డాక్టరు మందు మార్చి, ఒంట్లో నీరు లాగే మాత్ర ఇచ్చాడు. ఏం తింటారని అడిగాడు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, సాయంత్రం పూట మిక్చరు అని నిజమే చెప్పాను. "ఉప్పు తగ్గించండి ఆంటీ," అన్నాడు. తగ్గించమన్నాడు, అంతే. ఆ మాటని మానేయడం దాకా సాగదీసింది మేము.

మా వైపు ఆదివారం చప్పిడి అని ఒకటి ఉంది. సూర్యుడికి మొక్కుకున్నవాళ్ళు ఆ రోజు ఉప్పు వెయ్యకుండా వండుకుని ఒంటిపూట తింటారు. మా అమ్మ మాఘమాసం ఆదివారాల్లో చేసేది. సోమవారం పొద్దున్నే రెండు బద్దల మాగాయతో చద్దన్నం తిని ఆ లోటు తీర్చుకునేది కూడా. ఒక్క రోజు ముచ్చట అది.

యీషున్‌లో ఉండే శారదగారికి ఆ ఒక్క రోజు ఆనలేదు. తెలుగు ఆడవాళ్ళందరినీ కలిపి ఆవిడ ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. రథసప్తమి నుంచి మండలం పాటు సామూహిక చప్పిడి దీక్ష అని ప్రకటించింది. ఒక్క ఉప్పు రవ్వ కూడా నాలిక్కి తగలకూడదు, పైగా రోజుకి ఆ గీతల సీసా ఒకటిన్నర తాగాలి.

"సూర్యభగవానుడి దయ, బీపీకి మందు, రెండూ ఒకేసారి వదినగారూ!" అని తీయటి గొంతుతో మెసేజీ పెట్టింది.

మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. "నేనూ చేస్తాను సుభద్రా, నీకు తోడుగా ఉంటుంది," అన్నాడు. ఎంత మంచి మొగుడా అని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

*ఫిబ్రవరి*

ఉప్పు లేని తిండి రుచిగా ఉండదని అందరికీ తెలుసు. అది ఎంత అసహ్యంగా ఉంటుందో పూట పూటా తిన్నవాళ్ళకే తెలుస్తుంది. పప్పు నోట్లో పెట్టుకుంటే పిండి బంకలా అంగిలికి అంటుకునేది. వంకాయ కూర జారుతూ దిగేది. చారు వేడినీళ్ళే, కాకపోతే చింతపండు వాసన. మిగతావాళ్ళు గ్రూపులో తమ చప్పిడి పళ్ళాలని ఫొటోలు తీసి పెట్టేవారు, కొత్తిమీర చల్లి, పువ్వు పెట్టి. ఒకరి పళ్ళానికి ఇంకొకరు దణ్ణాలు పెట్టేవారు. నేనూ పెట్టాను.

కొన్ని రోజులకి వికారం మొదలైంది. పొద్దున్నే లేవగానే డోకు. నీళ్ళు చూస్తే డోకు, బియ్యం కడుగుతుంటే డోకు. తలంతా దిమ్ముగా, బరువుగా ఉండేది. నడుస్తుంటే నేల కొంచెం మెత్తగా ఉన్నట్టు తోచేది. శారదగారికి ఫోన్ చేశాను.

"అయ్యో, అది మంచి సూచన వదినగారూ. ఇన్నేళ్ళుగా పేరుకుపోయిన విషాలు కదా, బయటికి వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది. ఇంకో లీటరు పట్టించండి."

పట్టించాను. ఎంత తాగితే అంత వికారం, ఎంత వికారమైతే అంత తాగడం. ఇంతమందిలో మొదలుపెట్టిన దీక్షని నడిమధ్యలో వదిలితే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ ఒకటి. దేవుడికి కోపం వస్తుందేమోనన్న భయం కంటే అదే ఎక్కువ.

మా ఆయన మాత్రం నిగనిగలాడుతున్నాడు. నాతో కూర్చుని అదే పప్పు, అదే చారు తినేవాడు, తిని మూతి తుడుచుకుని వాకింగ్‌కి వెళ్ళేవాడు. "చూశావా, నాకెంత హుషారుగా ఉందో! నీకు మనసు నిలవట్లేదు, అదీ సంగతి," అనేవాడు. నిజమేనేమో, లోపం నాలోనే ఉందేమో అనుకునేదాన్ని.

*మార్చి*

ఈ నెల సగం నాకు గుర్తు లేదు. ఇంట్లోవాళ్ళు చెప్పినదీ, నాకు మెరుపుల్లా గుర్తున్నదీ కలిపి రాస్తున్నాను.

పాల ప్యాకెట్టు చెప్పుల బీరువాలో దొరికిందట. వంట చేస్తూ కీర్తికి ఫోన్ చేసి, ఎందుకు చేశానో మర్చిపోయి, దాన్నే ఎందుకు చేశావని కసిరానట. చిన్నదానికీ పెద్దదానికీ ఏడిచానట. మా ఆయన దాన్ని వయసు మీదకి తోశాడు. కీర్తి నన్ను గమనించడం మొదలుపెట్టింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. కూరలో పురుగుందేమోనని వెతికే చూపు.

బస్సు సంగతి కూడా గుర్తుంది. తన్విని నర్సరీ నుంచి తీసుకుని మామూలుగానే బస్సెక్కాను. తను ఏవో కబుర్లు చెబుతోంది. కిటికీలోంచి చూస్తే అన్ని బ్లాకులూ ఒకేలా ఉన్నాయి. అవి ఎప్పుడూ ఒకేలానే ఉంటాయి, కానీ వాటిలో మనది మనకి తెలుస్తుంది కదా. నాకు తెలియలేదు.

"అమ్మమ్మా, అవర్ స్టాప్ గాన్ ఆల్రెడీ," అంది తన్వి.

"ఇంకా రాలేదమ్మా."

"గాన్ లా, అమ్మమ్మా!" ఇక్కడి ఇంగ్లీషు మాటలకి లా, ఆ అని తోకలుంటాయి.

బస్సు చుట్టు తిరిగి, బస్సులన్నీ చేరే ఇంటర్‌చేంజ్‌కి చేరింది. అందరూ దిగిపోయారు. డ్రైవరు వచ్చి ఎక్కడికెళ్ళాలని అడిగాడు. నోరు తెరిచాను, బ్లాకు నంబరు రాలేదు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఇంటి నంబరు. మళ్ళీ డోకొచ్చింది, బస్సు నేల మీదే కక్కుకున్నాను. నీళ్ళు, ఒట్టి నీళ్ళు. తన్వి తన బ్యాగుకి వేలాడే చీటీ చూపించి, "మై మమ్మీ నంబర్ హియర్," అంది. ఆ డ్రైవరు కీర్తికి ఫోన్ చేసి, నా ముందు పేపరు నాప్కిన్లు పెట్టి, తన సంచిలోంచి బిస్కెట్టు తీసి తన్వికిచ్చాడు. నేను పాడుచేసిన నేలని తనే కడుక్కున్నాడు. ఒక్క మాట విసుక్కోలేదు. ఆ మనిషి పేరైనా నేను అడగలేదు.

కీర్తి ఆఫీసు నుంచి టాక్సీలో వచ్చింది. ఇంటికొచ్చాక నన్ను సోఫాలో కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, మెల్లగా, చాలా మెల్లగా మాట్లాడింది. తన్వికి చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, రేపట్నుంచి తన్విని నువ్వు తేవద్దులే. నర్సరీలో ఫుల్ డేకి మార్చేశా."

"ఎప్పుడు మార్చావు?"

"లాస్ట్ వీకే అడిగా. ఇవాళ కన్ఫర్మ్ చేశా."

అంటే ఈ బస్సు గొడవకి ముందే. "నన్ను పిచ్చిదాన్ని అనుకుంటున్నావా?" అని అరిచాను.

"నో అమ్మా, మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నా. జస్ట్ చూపిద్దాం. తన్వితో నువ్వు ఒక్కదానివే బయటికి వెళ్ళొద్దు, అంతే. ప్లీజ్."

ఆ ప్లీజ్‌తో నాకు అర్థమైంది. అది నన్ను చూసి భయపడుతోంది. నా కడుపున పుట్టిన పిల్ల, తన పిల్లని నా చేతికివ్వడానికి భయపడుతోంది. నా మీద నాకే కంపరం పుట్టింది. లేచి వెళ్ళి సీసాలో మిగిలిన నీళ్ళు గీతదాకా తాగాను. ఆ పూట లెక్క అది.

*ఎమర్జెన్సీలో*

మెమరీ క్లినిక్ దాకా వెళ్ళనేలేదు. ఒక పొద్దున స్నానాలగదిలో పడిపోయాను. మూర్ఛలా వచ్చిందట. అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఎమర్జెన్సీలో వేచి ఉండే చోట వరసగా కుర్చీలు, చల్లగా ఏసీ, ఎవరో తింటున్న వేపుడు నూడుల్స్ వాసన. ఆ వాసన మాత్రం నాకు లీలగా గుర్తుంది, ఎందుకంటే వాంతొచ్చే కడుపుతో ఉండి కూడా నోట్లో నీళ్ళూరాయి. సిగ్గేసింది.

రక్తపరీక్ష చూసి ఒక కుర్ర డాక్టరమ్మ కర్టెన్ తోసుకుని గబగబా వచ్చింది. సోడియం బాగా పడిపోయిందని చెప్పింది. "ఏం తింటున్నారు? ఎన్ని నీళ్ళు తాగుతున్నారు?" అని అడిగింది. కీర్తి మా ఆయన వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని దీక్ష గురించి చెప్పాడు. ఉప్పు బొత్తిగా మానేశామన్నప్పుడు ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది.

డాక్టరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "అంకుల్, మీరూ ఇదే తిండి, ఇన్నే నీళ్ళా? అయితే మీకూ రక్తం తీయాలి."

"నాకా? నాకక్కర్లేదండీ... నేను బయట కొంచెం..."

"కొంచెం అంటే ఏంటి నాన్నా?" అంది కీర్తి.

"వాకింగ్‌కి వెళ్ళినప్పుడు... హాకర్ సెంటర్లో... నాసి గోరెంగ్."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

ఆ మార్చి నెలంతటిలో నాకు అన్నిటికంటే స్పష్టంగా, అక్షరం పొల్లుపోకుండా గుర్తున్న మాట ఇది. తిండికొట్ల వరసలో సాసులు దట్టించి అమ్మే ఆ వేపుడన్నంలో ఉన్న ఉప్పు ఆయన్ని కాపాడింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే వాంతయింది. సరిగ్గా ఆయన బూట్ల మీద. పడ్డందుకు ఇప్పటికీ విచారం లేదు.

డాక్టరమ్మ కీర్తికి చెప్పినదాన్ని తర్వాత నేను అడిగి అడిగి తెలుసుకున్నాను. ఒంట్లో నీళ్ళు ఎక్కడుండాల్సినవి అక్కడుండాలంటే ఉప్పులోని సోడియం ఉండాలట. అది పల్చబడితే నీళ్ళు లోపలి కణాల్లోకి దూరి వాటిని ఉబ్బిస్తాయి. మెదడు చుట్టూ పుర్రె ఉంది కనక ఉబ్బడానికి చోటుండదు. అందుకే తలనొప్పి, డోకులు, మతి తప్పడం, చివరికి మూర్ఛ. నీరు లాగే మాత్ర సోడియంని బయటికి పంపుతోంది, తిండిలో అది రావట్లేదు, ఉన్న కాస్తనీ నేను సీసాలకి సీసాలు తాగి పల్చన చేస్తున్నాను. మూడూ కలిసి పడగొట్టాయి.

"సో షీ ఈజ్ నాట్... అది మతిమరుపు జబ్బు కాదా?" అని కీర్తి మూడుసార్లు అడిగిందట.

"ఇది సరైతే అదీ సరవ్వచ్చు. చూద్దాం," అందట డాక్టరమ్మ. కీర్తి ఆ చూద్దాం అన్న మాటనే పట్టుకుంది.

*వార్డులో*

ఉప్పు తక్కువైందంటే గ్లాసుడు ఉప్పునీళ్ళు పోసేస్తే సరిపోతుందనుకున్నాడు మా ఆయన. అలా తొందరగా పెంచితే మెదడుకి ఇంకో పెద్ద ప్రమాదమట. కొంచెం కొంచెంగా పెంచుతూ, మాటిమాటికీ రక్తం తీస్తూ చూశారు. ఆ మాత్ర ఆపేశారు. తాగే నీళ్ళకి కొలత పెట్టారు. జీవితంలో మొదటిసారి ఒక నర్సమ్మ నా చేతిలోంచి నీళ్ళ గ్లాసు లాక్కుంటే ఆవిడ కాళ్ళు మొక్కాలనిపించింది.

పక్క మంచం మీద ఒక చైనీస్ ముసలావిడ ఉండేది. గుండె జబ్బు, కాళ్ళు ఇంతింత వాచిపోయి ఉన్నాయి. ఆవిడకి ఉప్పు నిషిద్ధం. నా ట్రేలో గంజి పక్కన ఉప్పు పొట్లం పెడితే దాని వైపే చూసేది. నేను వికారంతో గంజి ముట్టకుండా కూర్చుంటే, "యూ డోంట్ వాంట్, గివ్ మీ లా," అంది ఒకసారి. ఇవ్వబోయాను కూడా. నర్సు చూసి ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. ఆవిడ వయసంతా ఉప్పుచేపా, సాసూ తిని అలా అయిందని ఆవిడ కూతురు చెప్పింది. ఆవిడ కాళ్ళు చూశాక, ఉప్పు తగ్గించమన్న నా డాక్టరు మీద కోపం పోయింది. ఆ ముసలావిడే, నాకు డోకొచ్చినప్పుడల్లా నాకంటే ముందు బెల్ నొక్కేది. ఒకసారి తన తడిగుడ్డ నా వైపు విసిరి మొహం తుడుచుకోమంది.

మూడో పూటో నాలుగో పూటో, ఆ గంజిలో ఉప్పు కలుపుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది. బియ్యం రుచి బియ్యంలా తెలిసింది. మా ఆయన పక్కన కూర్చుని కళ్ళు దించుకున్నాడు.

"ఒక్కరోజైనా నాకు తెచ్చిపెట్టాలనిపించలేదా మీకు?" అన్నాను.

"దీక్ష చెడుతుందని... నువ్వు అంత నిష్ఠగా చేస్తుంటే..."

అటు తిరిగి పడుకున్నాను.

*ఏప్రిల్*

ఇంటికొచ్చిన వారానికి శారదగారు యాపిల్ పళ్ళతో వచ్చింది. సోఫాలో సర్దుక్కూర్చుని, "మీరు నీళ్ళు మరీ గబగబా తాగి ఉంటారు వదినగారూ. చప్పరించాలి," అంది. పళ్ళ సంచి తీసి పక్కన పెట్టాను. ఆవిడే అందుకుంది. "పోనీలెండి, ఇప్పుడు దీనికి విరుగుడు ఒకటుంది. పొద్దున్నే పరగడుపున గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల కల్లుప్పు వేసుకుని..."

కడుపులోంచి తన్నుకొచ్చింది. ఈసారి జబ్బు కాదు.

"శారదగారూ, నేనిప్పుడు ఉప్పూ కారం తింటున్నానండీ. ఇక మీ మాట నా దగ్గర సాగదు," అన్నాను. "ఇప్పటికీ గ్రూపులో నాలాగే మాత్రలు వేసుకునేవాళ్ళున్నారు. ముందు వాళ్ళకి జరిగింది చెప్పండి."

ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. చెప్పలేదు. నేనే అందరికీ రాసి, గ్రూపులోంచి బయటికొచ్చాను. ఒకావిడ నాకు విడిగా ఫోన్ చేసి, తనకీ ఆ మాత్రే ఇస్తున్నారనీ, డోకులు వస్తున్నాయనీ చెప్పింది. వెంటనే డాక్టరు దగ్గరికి తరిమాను.

ఇది చదివి ఆవకాయ జాడీ మీద పడకండి. నా బీపీకి వేరే మాత్ర ఇచ్చారు, పచ్చడి వేలి కొసంత తింటున్నాను, అప్పడాలు పండక్కే. ఎంతన్నది మీ డాక్టరుతో తేల్చుకోండి, మా గ్రూపుతో కాదు.

రక్తం మామూలుకొచ్చింది. తల తేటపడింది. కానీ తన్వి ఇంకా ఫుల్ డేలోనే ఉంది. అడిగితే, "ముందు మెమరీ క్లినిక్ అవనీ అమ్మా," అంది కీర్తి. వెళ్ళాను. అక్కడ పనిచేసే ఒక కుర్రపిల్ల నాతో గడియారం బొమ్మ గీయించి, ఇది ఏ నెల అని అడిగి, నేను చెప్పిన ప్రతిదానికీ "వెరీ గుడ్ ఆంటీ!" అని చప్పట్లు కొట్టినంత పని చేసింది. చీదరేసింది. అయినా పళ్ళు బిగించి అన్నిటికీ జవాబు చెప్పాను. అంతా బాగానే ఉందన్నారు. కీర్తి ఇంకొన్నాళ్ళు నాన్చి, చివరికి ఒక రోజు ఫోన్ చేసింది.

"అమ్మా, ఇవాళ తన్విని తేగలవా?"

తేగలనా అని అడుగుతుందేంటి! చీర మార్చుకుని అరగంట ముందే వెళ్ళి నర్సరీ గేటు దగ్గర నిలబడ్డాను. బస్సెక్కి తన్విని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచీ సర్దుకుంటూ వెనక్కి చూస్తే, చివరి సీట్లో మాస్కు పెట్టుకుని, మొహానికి ఫోన్ అడ్డం పెట్టుకుని ఎవరో కూర్చున్నారు. జుట్టుకి ఉన్న క్లిప్పు కీర్తికి నేను కొన్నదే. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ నా వెనక కాపలా కాస్తోంది. ఒళ్ళంతా భగ్గుమంది. లేచి నాలుగు దులుపుదామనుకున్నాను. తన్వి ఒళ్ళో తలపెట్టి, పొద్దున గీసిన ఏనుగు బొమ్మ చూపిస్తోంది. ఊరుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాఫీషాపు వెళ్ళింది, పిల్లల ఆటస్థలం వెళ్ళింది, పచ్చరంగు బ్లాకు వెళ్ళింది.

"తన్వీ, బెల్ నొక్కమ్మా."

నొక్కింది. తన్వి చెయ్యి పట్టుకుని లేచాను. బస్సాగింది, తలుపు తెరుచుకుంది. వెనక చివరి సీట్లో మా అమ్మాయి ఆఫీసు మెసేజీల్లో మునిగిపోయి, తలెత్తకుండా ఫోన్ మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది.

"కీర్తీ!" అని బస్సంతా వినపడేలా పిలిచాను. "దిగవే, మన స్టాపొచ్చింది."

అది ఉలిక్కిపడి లేచింది. బ్యాగు పట్టీ సీటుకి తగులుకుంది. తన్వి కళ్ళు ఇంత చేసుకుని చూసింది.

"మమ్మీ ఆల్సో ఫర్గెట్ ఆ, అమ్మమ్మా?"

డ్రైవరు తలుపు వేసేలోగా ఇద్దరి చేతులూ పట్టుకుని దిగాను.